ఆకుకు మైల లేదు

28 అక్టోబరు 1958, మంగళవారం

మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం చూడలేదు. పట్టుపురుగులు నాలుగో జ్వరం విడిచి లేచాయి. పొర విడవడాన్నే జ్వరం అంటాం, ఇక అది ఉండదు. వారం రోజులు తింటాయి, తరువాత గూడు కడతాయి. ఈ వారమంతా పనే. పొద్దున నాలుగు మోపుల ఆకు, మధ్యాహ్నం మూడు, దీపం పెట్టే వేళకు నాలుగు. హనుమక్క, ఆమె కూతురు రత్న తోటలో ఆకు కోసి తెచ్చి పురుగుల ఇంటి వాకిట్లో దించుతారు. అక్కడి నుంచి అమ్మా నేనూ లోపలికి మోస్తాం. వాళ్ళది ఊరి చివర వాడ. గడప దాటకూడదు.

వాళ్ళు ముట్టిన ఆకు పురుగులకు పనికొస్తుందా అని చిన్నప్పుడు అవ్వను అడిగాను. "ఆకుకు మైల లేదు" అంది.

సుజాతమ్మ టీచరు రోజూ అర పేజీ ఏదైనా రాయమంది, పరీక్షలో వ్యాసానికి చేయి తిరుగుతుందని. కన్నడలో ఒకటి రాసి ఆమెకు చూపిస్తాను. ఇది వేరే. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం కన్నడం. తెలుగు అక్షరాలు తాత నాకొక్కదానికే నేర్పి పోయాడు. ఈ పుస్తకం ఇంట్లో ఎవరూ చదవలేరు. రత్న కూడా చదవలేదు.

29 అక్టోబరు, బుధవారం

పొద్దున ఆకు మోశాను. బడికి పోయాను. వాన. కడుపులో నొప్పి.

ఇంకొకటి ఉంది. రాయను.

30 అక్టోబరు, గురువారం

ఎవరూ చదవలేని పుస్తకంలో కూడా రాయకపోతే ఇది ఎందుకు? రాస్తాను.

నిన్న మూడో పీరియడులో నేను పెద్దమనిషినయ్యాను. మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ రత్నా. అందుకని ఒకే బెంచీ. ఆ సంగతి అవ్వకు తెలియదు. నాకంటే ముందు రత్నే చూసింది. బడి వెనక్కి తీసుకుపోయి తన లోపలి లంగా అంచు చించి ఇచ్చింది. ఏడవొద్దంది. నేను ఏడవలేదు కూడా. 

పెదనాన్న గురప్ప కూతురు పోయినేడు పెద్దమనిషి అయింది. మరునాటి నుంచి బడి లేదు. పెళ్ళయి ఇప్పుడు కడుపుతో ఏడో నెల. మాకు మార్చిలో ఎల్.ఎస్., అంటే లోయర్ సెకండరీ పరీక్ష. అయిదు నెలలు ఉంది.

బడి ఉన్న బట్లహళ్ళి నుంచి ఊరికి రెండు మైళ్ళు. ఊరు కనబడే మోరీ వంతెన దాకా మేమిద్దరం కలిసి నడుస్తాం. మోరీ దాటాక తను ఇరవై అడుగులు వెనక నడుస్తుంది. మోరీ దాకా నన్ను "మే" అంటుంది, దాటాక "కాంచనమ్మా".

"అయిదు నెలలు దాచేకి అయితాదా?" అని అడిగాను.

"ఏం కాదు, దాచు. మా యమ్మకు కూడా చెప్పను."

"మీ ఇంట్లో ఎట్ల? బయట కూర్చోబెట్టరా?"

"మూడు దినాలు కూర్చుంటే నాలుగో దినం గంజి ఎవురు పోస్తారు? నేను ఉగాది నుంచి పెద్దదాన్నే. బడికి వస్తానే ఉండాను గదా. నీకు కనపడిందా?"

కనపడలేదు. అర్ధ సంవత్సరం పక్కనే కూర్చున్నాను, కనపడలేదు.

మైలతో పురుగుల ఇంట్లోకి పోకూడదు. పోనంటే ఎందుకని అడుగుతారు. పోయాను. నిన్న సాయంత్రం, ఈ పొద్దున, ఈ సాయంత్రం. పురుగులకేమీ కాలేదు. బాగా తింటున్నాయి.

1 నవంబరు, శనివారం

ఒంటిపూట బడి. వాన తెరిపి ఇవ్వలేదు. కోసిన ఆకు కోసినట్టే తడి. ఆరబెడదామని అమ్మ పంచలో గోనెపట్టాలు పరిచింది. నాయన వచ్చి, "ఆరేదాకా కాచుకుంటే పురుగులు పస్తుంటాయి, విదిలించి వేసేయండి" అన్నాడు. వేశాం.

మధ్యాహ్నం రత్న ఒక్కతే మోపు తెచ్చింది. అవ్వ పక్కింటి మీనాక్షమ్మగారి దగ్గరికి పోయి ఉంది, అమ్మ వంటింట్లో. రత్న లోపలికి వచ్చింది. ఎందుకు వచ్చిందో. వాన కదా.

తట్టల ముందు నిలబడి చెవి పెట్టి విన్నది.

"ఇంత సద్దా? లోపల కూడా వాన పడతాండాది అనుకొంటి."

"నలభై తట్టలు. అన్నీ కలిసి నములుతాయి."

"ఎనిమిదేండ్ల నుంచి మా యమ్మ, నేను కోసిన ఆకు యాడికి పోతాదో ఇప్పుడు చూసినా. ఒక్కోటి నా వేలంత ఉండాది." వేలు పక్కన పెట్టి చూసుకుంది, ముట్టలేదు. "నాకంటే బాగా తింటాండాయి మే."

ఇద్దరం నవ్వాం. గడప దగ్గర అవ్వ.

"ఎవురే అది లోపల?"

రత్న బయటికి పోయి వానలో నిలబడింది. అవ్వ నన్ను అడిగింది: "ఇది ఎట్ల వచ్చె?"

రత్న నా వైపు చూసింది. నేను తట్టలో ఆకు సర్దాను.

"మోపు దించబోయి కాలు లోపల పెట్టినానవ్వా" అంది రత్న.

అవ్వ పేడనీళ్ళతో గడప అలికి, పసుపు చల్లి, సాంబ్రాణి వేసింది. సాంబ్రాణి పొగకు పురుగులు తలలు ఎత్తాయి.

3 నవంబరు, సోమవారం

కింది వరసలో ఒక తట్ట పురుగులు మెత్తబడ్డాయి. ఆకు మీదకు ఎక్కడం లేదు.

4 నవంబరు, మంగళవారం

తొమ్మిది తట్టలు.

5 నవంబరు, బుధవారం

అన్నీ. కణుపు కణుపు దగ్గర ఉబ్బి, ముట్టుకుంటే తోలు పగిలి పాలలాంటి నీళ్ళు కారాయి. రేపో ఎల్లుండో గూడు కట్టవలసినవి. నాయన తట్టలు ఒక్కొక్కటే దిబ్బ పక్కన గుంటకు మోశాడు. సున్నం చల్లి మన్ను వేశాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. అమ్మ ఖాళీ తట్టలు కడిగి గోడకు ఆనించింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వారం రోజులుగా ఆ సద్దుకు చెవి అలవాటయింది.

సాయంత్రం అవ్వ వీధిలో నిలబడి చెప్పింది. "గడప దాటి లోపలికి వచ్చింది. నా కండ్లతో చూస్తిని. ఇంక బతుకుతాయా?"

మీనాక్షమ్మగారు, "మా తోటకు కూడా అదే వస్తాండాదే" అంది.

6 నవంబరు, గురువారం

ఊళ్ళో ఉన్న నాలుగు తోటల వాళ్ళూ హనుమక్కను ఆకు కోతకు రావద్దన్నారు.

రత్న ఒక్క గడియ లోపల ఉంది. నేను నాలుగు రోజులు, రెండు పూటలా పోయాను. ఎవరి వల్ల? ఎట్లా చూసినా నా వల్లే.

రత్నకు ఆ సంగతి తెలుసు. ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

7 నవంబరు, శుక్రవారం

రత్న బడికి రాలేదు. బెంచీ మీద నేనొక్కదాన్నే.

8 నవంబరు, శనివారం

రాలేదు.

10 నవంబరు, సోమవారం

పట్టు పెంపకం చూసే రేష్మె ఇలాఖా నుంచి ఇన్‌స్పెక్టరు సైకిల్ మీద వచ్చాడు. గుంట తవ్వించి చూశాడు, తట్టలు చూశాడు, పురుగుల ఇంటి కిటికీలు చూశాడు. తడి ఆకు వేశారా అని కన్నడలో అడిగాడు.

"లేదు సార్. ఆరబెట్టే వేసినాము" అన్నాడు నాయన.

నేను నాయన మొహం చూశాను. అమ్మ కొంగు సర్దుకుంది.

అవ్వకు కన్నడం బాగా వచ్చు. అయినా తెలుగులోనే చెప్పింది, వాడ పిల్ల లోపలికి వచ్చిందని, మైల తగిలిందని. ఆయనకు తెలుగు వచ్చినట్టుంది. "అమ్మా, పురుగుకు మైల తెలీదు. తేమ తెలుస్తాది. గాలి ఆడకపోతే తెలుస్తాది" అన్నాడు. కిటికీలు తెరిచిపెట్టమని చెప్పి, మజ్జిగ తాగి పోయాడు.

"పురుగు సాకినోడు కాదు, పుస్తకం సాకినోడు" అంది అవ్వ.

నా వల్ల కాదు. తడి వల్ల. ఈ రోజు రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

11 నవంబరు, మంగళవారం

దీపావళి. తలకు నూనె, కొత్త లంగా. మా మిద్దె మీద నుంచి వాడ కనిపించదు, మధ్యలో చింతచెట్లు అడ్డం.

12 నవంబరు, బుధవారం

నా వల్ల కాదంటే రత్న వల్ల కూడా కాదు. అది తోచడానికి నాకు రెండు రోజులు పట్టింది.

14 నవంబరు, శుక్రవారం

బడి నుంచి వస్తుంటే మోరీ పక్కన రత్న పుల్లలు ఏరుతోంది. నేను ఆగాను. తను ఏరుతూనే ఉంది.

"బడికి రాలేదేమే?"

"పుల్లలు ఎవురు ఏరతారు?"

"ఎన్నాళ్ళు ఏరతావు?"

"ఇంకా ఇరవై దినాలు. బాగేపల్లి పక్క మా మామ ఉండాడు. రాతి గుండ్లు కొట్టే కాడ ఆడోళ్ళకు పని ఉండాదంట. ఈడ మాకు ఎవురూ ఆకు కోసేకి చెప్పరు. చెనిక్కాయ పెరికేకి పోతే కూడా, వద్దులే అంటాండారు. చేను ఎండిపోతాదేమో నన్ను చూసి."

నవ్వు రాలేదు ఇద్దరికీ.

"ఆడ బడి?"

"ఉంటే ఉంటాది."

నేను చెప్పాను: "నా సంగతి నువ్వు చెప్పేయొచ్చు గదా. చెప్తే నీ మీద మాట పోతాది."

"చెప్తే నీ బడి పోతాది. మన బెంచీలో ఒకరన్నా రాయాల గదా పరీక్ష." పుల్లలు తాటినారతో కట్టింది. కట్టి, మోపు మీద చేయి వేసి నిలబడింది. "ఆ సంగతి వద్దు కాంచనా. నువ్వే పిలిచినావని అవ్వకు చెప్పింటే సాలు. దానికి నీ బడి పోయేది కాదు. రెండు దెబ్బలు పడేవి, అంతే. ఆ పొద్దు నేను నీ మొగం చూసినా."

మోపు ఎత్తమని నన్ను అడగలేదు. మోకాలి మీద ఆనించి తనే ఎత్తుకుంది.

ఒకటో తారీకున రాసింది అబద్ధం. "రావే, ఎట్ల తింటాయో చూద్దువు" అన్నాను. రత్న వద్దంది. అవ్వ లేదు రావే అన్నాను. చేయి పట్టుకుని తీసుకొచ్చాను.

15 నవంబరు, శనివారం

అవ్వకు చెబుదామని రెండు సార్లు పోయాను. మొదటిసారి వడ్లు చెరుగుతోంది. రెండోసారి ఊరికే కూర్చుని ఉంది. నన్ను చూసి "ఏమి పాపా?" అంది. ఆకలి అన్నాను.

18 నవంబరు, మంగళవారం

అమ్మకు చెప్పాను. జడ వేస్తోంది, మొహం కనపడదు కాబట్టి చెప్పగలిగాను. రత్నను నేనే పిలిచానని, అంతకు ముందే పెద్దమనిషి అయ్యానని.

అమ్మ చేతులు ఆగలేదు.

"తెలుసు. ఆ బుధవారమే తెలుసు. నీ లంగా పిండింది నేను గదా."

"మరి పురుగుల ఇంట్లోకి ఎందుకు రానిచ్చినావు?"

"రావద్దంటే ఎందుకని మీ అవ్వ అడగదా? నీ పరీక్ష అయ్యేదాకా జరుపుదామనుకొంటి. నేను ఏడో తరగతిలో ఉండంగ నన్ను మానిపించినారు. పలక తీసి పిండి జల్లెడ చేతికిచ్చిరి." మూడో పాయ తీసింది. "పురుగులు పోయినంక నాకూ భయమాయ. అయిదు దినాలు నిద్ర లేదు. ఆ ఇలాఖా ఆయన వచ్చి చెప్పినంక పానం కుదుటపడె."

"రత్న వాళ్ళు ఊరు విడిచి పోతాండారు మా."

"విన్నా."

"చెబుదాం మా. నువ్వు చెప్తే నాయన వింటాడు."

"ఏమని చెప్పేది? నా కూతురు మైలతో నాలుగు దినాలు లోపల తిరిగె, నేను చూస్తా ఉంటిని అనా? మీ అవ్వ నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తాదా?" జడ గట్టిగా లాగింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి నాకు. "హనుమక్కకు ఒక పడి రాగులు పంపిచ్చినా, మీ అవ్వకు తెలీకుండా. అంతకంటే నా చేత కాదు. నువ్వు నోరు తెరవొద్దు. పరీక్ష రాయి."

జడ చివర ఎర్ర రిబ్బను కట్టి, రెండు భుజాలూ పట్టుకుని కాసేపు అట్లాగే కూర్చుంది.

22 నవంబరు, శనివారం

బీజగణితంలో యాభైకి నలభై ఒకటి. రత్న ఉంటే నలభై అయిదు వచ్చేది తనకు. సుజాతమ్మ టీచరు రత్న సంగతి అడిగింది. ఊరికి పోయిందన్నాను. ఇంకా పోలేదు.

27 నవంబరు, గురువారం

ఈసారి అవ్వే చూసింది. పొద్దున, నేను చాప మీద నుంచి లేవగానే.

అవ్వ ఏడ్చింది, సంతోషంతో. నా మొహానికి పసుపు రాసింది. వీధి వీధంతా చెప్పి వచ్చింది. అమ్మ నా కళ్ళలోకి చూడలేదు.

28 నవంబరు, శుక్రవారం

మేనమామ ఆంజనప్ప వచ్చి పంచలో పచ్చి ఆకుల గుడిసె కట్టాడు. అత్తి కొమ్మలు, మామిడి కొమ్మలు. కట్టేటప్పుడు మీనాక్షమ్మగారు "బాగా కట్టప్పా, నీకోసమే గదా" అంది. అందరూ నవ్వారు. మామ తల వంచుకుని తాడు బిగించాడు. ఆయనకు ఇరవై ఆరు.

నువ్వుల ఉండలు, కొబ్బరి, నెయ్యి. పుస్తకం ముట్టకూడదట. దీన్ని చాప కింద పెట్టుకున్నాను.

29 నవంబరు, శనివారం

సుజాతమ్మ టీచరు మనిషిని పంపింది, కాంచన ఎందుకు రాలేదని. నాయన వాకిట్లోనే చెప్పాడు. "పెద్దది అయినాదప్పా. ఇంక బడి లేదు." గుడిసెలోకి వినిపించింది. నెల రోజులు దాచి దక్కించుకున్నది నెల రోజుల బడి. ఇరవై రెండు రోజులు. లెక్కపెట్టాను.

ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా నోరు రావడం లేదు. ఇప్పుడు చెబితే మాట అమ్మ మీదికి పోతుంది.

30 నవంబరు, ఆదివారం

అమ్మ అన్నం తెచ్చి, నా ముందు కూర్చుని, "హనుమక్క వాళ్ళు బుధవారం పోతాండారంట. మేకను అమ్మేసినారు" అంది. నేను అడగలేదు. తనే చెప్పింది.

"మా, నేను చెప్పేస్తా. నీకు తెలుసునని చెప్పను."

అమ్మ అన్నం కలిపి ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. అయిదేళ్ళ పిల్లకు పెట్టినట్టు, ముద్ద తరువాత ముద్ద. తట్ట ఖాళీ అయ్యేదాకా పెట్టింది. లేచేటప్పుడు, "రేపు జోయిసు వస్తాడు, గడియ రాసుకునేకి" అంది.

1 డిసెంబరు, సోమవారం

ఒసగె, పెద్దమనిషి అయిన పేరంటం. తలంటి, పీట మీద కూర్చోబెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. పంచాంగం చెప్పే అశ్వత్థనారాయణ జోయిసు వాకిట్లో అరుగు మీద, నాయన, మామ ఆయన పక్కన. పెద్దమనిషి అయిన రోజు, గడియ చెబితే ఆయన నక్షత్రం చూసి ఫలం చెబుతాడు, ఎట్లాంటి మొగుడు, ఎంతమంది పిల్లలు, శాంతి చేయాలా వద్దా అని. పెళ్ళి మాటలప్పుడు ఆ కాగితం అడుగుతారు.

"దినం చెప్పండి" అన్నాడు జోయిసు.

"గురువారం. ఎండ పొడిచిన రెండు గడియలకు" అంది అవ్వ.

"పిల్ల నోటితో రావాలమ్మా. గడియ తప్పితే ఫలం తప్పుతాది. ఏమమ్మా, గురువారమేనా?"

"కాదు" అన్నాను.

"కాదంటే?"

"గురువారం కాదు. దానికి నెల ముందే. అక్టోబరు ఇరవై తొమ్మిది, బుధవారం. పదకొండున్నర గంటలకు. బడిలో మూడో పీరియడు."

ఎవరో హారతి తట్ట కింద పెట్టారు. అవ్వ, "పిల్లకు ఎండ తగిలినట్టుండాది" అంది. జోయిసు పంచాంగం చేత్తో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

మీనాక్షమ్మగారు వేళ్ళు ముడుస్తూ, "దీపావళికి ముందు బుధవారమా? అప్పుడు మీ పురుగులు..." అని ఆగింది.

"అప్పుడే జ్వరం విడిచి లేచినాయి" అన్నాను. "ఆ దినం నుంచి నేనే ఆకు వేసినాను. శనివారం దాకా, రెండు పూటలా. రత్న లోపలికి వచ్చింది ఒక్కసారి. తను రానంది. చేయి పట్టుకుని నేనే పిలిచినాను. మోపు దించబోయి కాలు పెట్టినానని అవ్వకు అబద్ధం చెప్పింది, నాకోసరం."

నేను అనుకున్నంత గట్టిగా మాట రాలేదు. కానీ అందరికీ వినిపించింది.

"మీ అమ్మకు తెలీదా?" అని అడిగింది మీనాక్షమ్మగారు.

"తెలీదు" అన్నాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

తడి ఆకు సంగతి చెప్పలేదు. నాయన అరుగు మీద ఉన్నాడు.

జోయిసు వేలు నాలుకకు అద్దుకుని కాగితాలు వెనక్కి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఆశ్వయుజ బహుళం. బుధవారం" అన్నాడు. "గురువారం కంటే ఇది బాగుండాదమ్మా. శాంతి కూడా అక్కరలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన రాసుకున్నాడు.

అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది. హారతి మీనాక్షమ్మగారే ఇచ్చింది. వచ్చినవాళ్ళు వక్కాకు తీసుకుని త్వరగా పోయారు. నా తల మీద అక్షింతలు వేయనివాళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళు వేశారు.

2 డిసెంబరు, మంగళవారం

నాయన పొద్దున ఎక్కడికో పోయి వచ్చాడు. నాతో మాట్లాడలేదు. అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు.

3 డిసెంబరు, బుధవారం

బుధవారం. హనుమక్క వాకిట్లోకి వచ్చింది. మూట లేదు, చేతిలో ఆకు కోసే కత్తి. అమ్మ పంచలో నిలబడి ఏమని అడగకుండా చూస్తోంది.

"నిన్న కాంచనమ్మ నాయన మా వాడ మొగదాలకు వచ్చినాడమ్మా" అంది హనుమక్క. "ఎప్పుడూ రాలేదు. అందరూ లేచి నిలబడిరి. 'తడి ఆకు ఏయమని నేనే చెప్తిని, తప్పు నాదే, తోటకు రా' అన్నాడు. అందరి ముందరా అన్నాడు. ఈడ అట్ల అన్నాడో లేదో నాకు తెలీదు."

ఇక్కడ అనలేదు. అమ్మ, "ఆకు ముదురుతాండాది, పో" అంది.

గుడిసెలో నుంచి నేను "హనుమక్కా, రత్న?" అన్నాను.

"బడికి పోయె" అంది.

10 డిసెంబరు, బుధవారం

గుడిసె విప్పారు. అవ్వ తొమ్మిది రోజుల తరువాత మాట్లాడిన మొదటి మాట, "ఆ కొమ్మలు ఎండినాయి, పొయ్యికి పెట్టు."

19 డిసెంబరు, శుక్రవారం

తోటలో రత్న కనపడింది. బడి నుంచి నేరుగా వచ్చి తల్లికి తోడు ఆకు కోస్తోంది. నేను పక్క సాలులో నిలబడ్డాను. ఇద్దరి మధ్య నడుమెత్తు చెట్లు.

తను ఆకు తెంపుతూనే ఉంది.

"అందరి ముందరా చెప్పినావంట" అంది.

"ఆలస్యమాయ."

"ఆలస్యమే." రెండు కొమ్మలు కోసింది. "ఇప్పుడు నీ మైలతో సచ్చినాయంటాండారు పురుగులు. నా మైలతో కాదంట. మంచిదే. మా యమ్మను మళ్ళీ పిలిచినారు, వాకిలి దాకా. నీ మైల మూడు దినాలకు పోతాది కాంచనా. నాది యాడికి పోదు."

నేను ఇంకో కొమ్మ వంచి ఆకు తెంపాను.

"క్షేత్రగణితం మొదలుపెట్టినారు" అంది. "నాకు అర్థమాయ. నీకు చెప్పాలంటే మట్టిలో గీయాల. ఇట్ల రా."

5 జనవరి 1959, సోమవారం

కొత్త పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. కిటికీలు తెరిచి ఉంచుతున్నారు. ఇన్‌స్పెక్టరు చెప్పాడని ఎవరూ అనరు. నాయన తెరుస్తాడు. ఆకు పంచలో గోనె మీద ఆరాక లోపలికి పోతుంది.

సాయంత్రం తోటలో త్రిభుజాలు.

21 జనవరి, బుధవారం

నేను బయట కూర్చున్నాను, మూడు రోజులు. అవ్వ దూరం నుంచి నీళ్ళు పోసింది. పోస్తూ, "ఆ పిల్ల నీకు లెక్కలు చెప్తాండాదంట" అంది. అవునన్నాను. "వస్తాండాయా?" అంది. కొన్ని వస్తున్నాయన్నాను. చెంబు కింద పెట్టి పోయింది.

12 ఫిబ్రవరి, గురువారం

అమ్మ నాయనను అడిగింది, పరీక్ష ఒక్కటి రాయించి మానిపిద్దామని. నేను తలుపు వెనక ఉన్నాను.  "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడు అంటే ఏమిటో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. అమ్మ మళ్ళీ అడిగింది. ఆమె ఆయనను ఏదైనా రెండు సార్లు అడగడం నేను వినలేదు ఇంతకు ముందు.

నాయన లేచి తోటకు పోయాడు.

8 మార్చి, ఆదివారం

రత్నకు వ్యాసం రాయడం రాదు. ఉన్నది ఉన్నట్టు నాలుగు వాక్యాలు రాసి ఆపుతుంది. ఇంకా రాయాలి, పది మార్కులు అన్నాను. "ఇంకేముండాది చెప్పేకి?" అంది. కూర్చోబెట్టి 'మా ఊరి పంట' మీద రాయించాను. పురుగుల సద్దు వానలాగా ఉంటుందని రాసింది. అది నేను చెప్పలేదు.

17 మార్చి, మంగళవారం

గూళ్ళు బాగా వచ్చాయి. తెల్లగా, గట్టిగా. అవ్వ ఒకటి చెవి దగ్గర ఊపి చూసి నాకిచ్చింది.

ఆంజనప్ప మామ వచ్చి పోయాడు. నాకోసం కన్నడ నవల ఒకటి తెచ్చాడు. చింతామణిలో కొన్నాడట. ఏం కొనాలో తెలియక అంగడివాడు ఇచ్చింది తెచ్చానన్నాడు.

21 మార్చి, శనివారం

రత్న తోటకు రాలేదు. రేపు ప్రయాణం. హనుమక్క చేత నా జామెట్రీ పెట్టె పంపాను. వృత్తలేఖిని మొన విరిగింది, పెన్సిల్ ముక్క కట్టాను, జాగ్రత్తగా తిప్పమని చెప్పమన్నాను.

22 మార్చి, ఆదివారం

ఎండ. గాలి లేదు. పొద్దున కొత్త పంట పురుగులకు రెండు మోపుల ఆకు ఇంట్లోకి మోశాను.

పరీక్షకు చింతామణికి పోయినవాళ్ళు ఆరుగురు. బట్లహళ్ళి నుంచి మగపిల్లలు అయిదుగురు, సుజాతమ్మ టీచరుతో. మా ఊరి నుంచి రత్న, బడి పుస్తకంలో మునిరత్నమ్మ. బస్సు మా ఊరి దారిలో ఆగదు. నాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి చేయి ఎత్తి ఆపాడు. రత్న ఎక్కింది. హనుమక్క రోడ్డు మీదే ఉండిపోయింది. నేను తోట గట్టు మీద నుంచి చూశాను. బస్సు ఏడూ ఇరవైకి పోయింది.